కరెంటుతో కదలిన కండరము ఏల త్వరగా అలసిపోవును?

మూడేండ్ల క్రిందట మా మేనమామగారికి పక్షవాతము వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయినవి. ప్రాణాపాయము తప్పిన పిదప వైద్యులు ఆయనను పునరావాస చికిత్సకు పంపిరి. అక్కడ ఫిజియోథెరపిస్టు ఆయన తొడమీద రెండు జిగురు బిళ్లలు అంటించి, వాటిని తీగెలతో ఒక చిన్న యంత్రమునకు తగిలించి, మీట త్రిప్పెను. రెండు నెలలుగా తనంతట కదలని కాలు మోకాలి వద్ద చాచుకొని పైకి లేచినది. చూచుచున్న మా అత్తయ్య కన్నీరు పెట్టుకొన్నది.

పది పదునైదు మారులు కాలు చక్కగా లేచెను. ఆ మీదట ఎత్తు తగ్గుచు వచ్చినది. కొన్ని నిమిషములు గడచునప్పటికి పాదము బెత్తెడు కూడ లేవలేదు.

"కరెంటు తగ్గినట్టుంది బాబూ, ఇంకాస్త పెంచు నాయనా" అనెను అత్తయ్య.

"కరెంటు అంతే ఉందమ్మా. కండరం అలిసింది. పెంచితే ఇంకాసేపు లేస్తుంది గానీ, మిగతా పోగులు కూడా అలిసిపోతాయి. ఇవాళ్టికి చాలు" అని ఆయన యంత్రమును ఆపివేసెను.

ఇంటికి వచ్చు దారిలో అత్తయ్య నన్ను నిలదీసినది. "మీ మామయ్య మంచం మీదే పడుకొని ఉన్నారు. నడిచారా, బరువు మోశారా? పడుకున్న మనిషి కాలు అలిసిపోవడమేమిట్రా? ఆ కాలులో ఇంక జీవం లేదేమో, నాతో చెప్పడం లేదేమో! లేనప్పుడు ఈ తిరుగుడంతా దేనికి?"

నేను కళాశాలలో జంతుశాస్త్రము బోధించువాడను. కప్ప కండరముతో చేయు ప్రయోగములను ఏటేట విద్యార్థులకు చూపువాడను. అయినను ఆమెకు తెలియునట్లు ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. ఆమె చికిత్స మాన్పించుటకు సిద్ధపడుచుండెను. అందుచేత ఆ ప్రశ్నకు సరియైన సమాధానము వెదకుట నాకు తప్పనిసరి అయినది. ఈ వ్యాసము ఆ సమాధానమే.

కప్ప కాలు మొదలు మనిషి కాలు వరకు

విద్యుత్తుచే కండరము కదలునని లోకమునకు చాటినవాడు ఇటలీ దేశమున బొలోన్యా నగరవాసియైన లూయీజీ గాల్వానీ. చంపిన కప్ప కాళ్లు విద్యుత్తు సోకినప్పుడు అదరుటను ఆయన పరిశీలించి, 1791లో తన ప్రయోగములను ప్రకటించెను. ఫారడే 1831లో విద్యుత్ప్రేరణను కనుగొన్న తరువాత, కోరినప్పుడు కోరినన్ని విద్యుత్ఘాతములను పుట్టించు సాధనములు వైద్యుల చేతికి వచ్చినవి. ఫ్రాన్సు దేశపు వైద్యుడు డుషేన్ అట్టి సాధనముతో, తడిపిన ఎలక్ట్రోడులను చర్మముపై ఉంచి, ఒక్కొక్క కండరమును విడివిడిగా కదలింపవచ్చునని చూపెను. ఈ విషయమై ఆయన గ్రంథము 1855లో వెలువడినది.

కండరమును ఊరక కదలించుట ఒకటి; ఆ కదలికను నిత్యజీవితమునకు పనికివచ్చునట్లు చేయుట మరియొకటి. పక్షవాతము వచ్చినవారిలో కొందరికి నడచునప్పుడు పాదము ముందు భాగము పైకి లేవక నేలను ఈడ్చుకొనిపోవును. అమెరికాలో లిబర్సన్ అను వైద్యుడు 1961లో ఇందుకొక ఉపాయమును ప్రకటించెను. చెప్పులో మడమ క్రింద ఒక మీట ఉండును. మడమ నేలనుండి లేవగానే మీట తెరచుకొని, మోకాలి ప్రక్కనున్న నాడికి విద్యుత్తు అందును. వెంటనే పాదము పైకి వంగును. మడమ నేలను తాకగానే విద్యుత్తు ఆగును. నేటి విద్యుదుద్దీపన చికిత్సలో చాల భాగము ఈ మార్గముననే పెరిగినది.

ఒక విషయము మొదటనే గుర్తింపవలెను. ఈ చికిత్సలో విద్యుత్తు సాధారణముగా కండరమును నేరుగ కదలింపదు. కండరములోనికి పోవు నాడిని మేల్కొల్పును; నాడి కండరమును కదలించును. పక్షవాతములో దెబ్బ తగులునది మెదడుకు. వెన్నుపాము గాయములలో దెబ్బ తగులునది వెన్నుపాముకు. సాధారణముగా ఆ దెబ్బకు దిగువ, వెన్నుపామునుండి కండరమునకు పోవు నాడి చెడక నిలిచియుండును. పై అధికారి ఉత్తరువు రాక ఆగిపోయిన కచేరి వంటిది అది. గుమాస్తాలందరును ఉన్నారు, పని చెప్పువాడు లేడు. యంత్రము ఆ ఉత్తరువును పంపును. కండరమునకు పోవు నాడియే తెగిపోయినను, పోలియోలో వలె వెన్నుపాములోని చాలక నాడీకణములే నశించినను, ఈ చిన్న విద్యుత్ఘాతములతో కండరము కదలదు. అట్టి కండరమునకు ఇంతకన్న ఎంతో దీర్ఘమైన ఘాతములు కావలెను. అది వేరు చికిత్స.

కండరము పనిచేయు విధము

కండరము సన్నని పోగుల కట్ట. ఆ పోగులను కండర తంతువులందురు. వెన్నుపాములోని ఒక్కొక్క చాలక నాడీకణము తన తోకను కండరమువరకు చాచి, అక్కడ శాఖలుగా చీలి, కొన్ని తంతువులను తన ఆజ్ఞలో ఉంచుకొనును. ఒక నాడీకణమును, దాని ఆజ్ఞకు లోబడిన తంతువులను కలిపి ఒక చాలక యూనిట్ అందురు. కంటి కండరములవంటి సున్నితమైన వాటిలో ఒక యూనిట్‌కు పది తంతువులుండవచ్చును. పిక్క కండరములలో వేయికి మించి ఉండవచ్చును.

నాడీ సంకేతము అందగానే తంతువు పొరపై ఒక విద్యుత్తరంగము పరుగెత్తును. అది లోపలి సంచులలో దాగిన కాల్షియమును బయటికి వదలించును. కాల్షియము తగులగానే ఏక్టిన్, మయోసిన్ అను రెండు రకముల సన్నని దారములు ఒకదాని ప్రక్కగా ఒకటి జారి తంతువు కురుచనగును. ఈ జారుడు సంగతి 1954లో తేలినది. కాల్షియమును మరల సంచులలోనికి తోడివేయగా కండరము సడలును.

ఈ లాగుటకును, ఈ తోడుటకును శక్తి కావలెను. ఆ శక్తిని వెంటనే ఇచ్చు పదార్థము ఎ.టి.పి. కండరములో దాని నిలువ రెండు మూడు సెకండ్ల గట్టి పనికే సరిపోవును. అది తరుగకుండ తిరిగి నింపు వస్తువు ఫాస్ఫోక్రియాటిన్. దీనిని కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కేతో కలిసి 1927లో దీనిని ప్రకటించిరి. కండరము పనిచేయునప్పుడు ఈ పదార్థము విడిపోవుననియు, కండరమునకు విశ్రాంతి ఇచ్చిన మరల కూడుకొనుననియు వారు చూపిరి. ఆ విడిపోవుటయు, మరల కూడుకొనుటయు మన వ్యాసమునకు ప్రాణము. మామయ్య తొడలో జరిగినది అదియే.

అలసట అనగా నేమి?

అలసట అనగానే మనకు మనస్సున కలుగు నిస్సత్తువ తోచును. శరీరశాస్త్రములో దాని అర్థము ఇంకను నిర్దిష్టమైనది: పని చేయగా చేయగా కండరము చూపు బలము తగ్గుటయు, విశ్రాంతి పిదప తిరిగి వచ్చుటయు. తిరిగి వచ్చుట అన్న మాటను మరువరాదు. చచ్చిన కండరమునకు అలసట లేదు. జీవమున్నదే అలసిపోవును, జీవమున్నదే కోలుకొనును. అత్తయ్య భయమునకు మొదటి జవాబు ఇదియే.

అలసటను కొలిచిన తొలివారిలో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆంజెలో మోసో ప్రసిద్ధుడు. వ్రేలితో ఒక బరువును పదేపదే ఎత్తించుచు, ప్రతిమారు ఎంత ఎత్తునకు లేచినదో కాగితముపై గీతలుగా గీయించు యంత్రమును ఆయన కల్పించెను. అలసట గురించి ఆయన వ్రాసిన గ్రంథము 1891లో వచ్చినది. ఆయన సహోద్యోగి ఒకరు విద్యార్థులకు నోటి పరీక్షలు జరిపిన దినమున ఆయన వ్రేలి బలము కూడ తగ్గెనట! ఉపాధ్యాయులకు ఇందులో ఆశ్చర్యమేమియు ఉండదు.

మరి అలసట మెదడులోనా, కండరములోనా? లండనులో మెర్టన్ 1954లో బొటనవ్రేలి కండరముపై దీనిని పరీక్షించెను. మనిషి శక్తికొలది నొక్కి నొక్కి బలము తగ్గిన తరువాత, మణికట్టువద్ద నాడికి విద్యుత్ఘాతము ఇచ్చినను బలము పెరుగలేదు. ఆజ్ఞ అందుచున్నది, కండరమే లాగలేకున్నది. మెదడునుండి వచ్చు ప్రోత్సాహము కూడ కొంత తగ్గునని తరువాతి పరిశోధనలు తెలిపినను, కండరములోనే అలసట పుట్టునన్న మాట నిలిచినది. విద్యుదుద్దీపనములో మెదడు ప్రమేయమే లేదు గనుక, అక్కడ కనబడునది ఈ కండరపు అలసటయే.

దీనికి కారణములు ముఖ్యముగా మూడు. ఒకటి, ప్రతి సంకేతముతోను తంతువునుండి కొంత పొటాసియము బయటికి వచ్చును. సంకేతములు వెంటవెంటనే వచ్చినచో అది పేరుకొని, విద్యుత్తరంగము తంతువు లోతులకు చేరకుండ అడ్డుపడును. రెండు, ఫాస్ఫోక్రియాటిన్ విడిపోగా మిగిలిన ఫాస్ఫేటు పేరుకొని, దారములు పట్టుకొని లాగు బలమును తగ్గించును. మూడు, లోపలి సంచులనుండి వెలువడు కాల్షియము తగ్గును. లాక్టికామ్లమే అలసటకు కారణమని మన పాఠ్యపుస్తకములలో చాలకాలము చదువుకొంటిమి. ఆ మాటను నేడు అంత గట్టిగా చెప్పుటకు వీలులేదు. పొటాసియము పేరుకొన్న కండరమున ఆ ఆమ్లము బలమును కొంత నిలబెట్టుననియే 2001లో వెలువడిన ప్రయోగములు చూపినవి.

బోయీల పల్లకి

ఇపుడు అసలు ప్రశ్నకు వత్తము. తనంతట కాలు చాచినప్పటికన్న యంత్రము చాచినప్పుడు కండరము ఇంత త్వరగా అలసిపోవుట ఏల?

పూర్వము పల్లకి మోయు బోయీలను తలచుకొందము. పదునారుమంది బోయీలున్న పల్లకి దూరప్రయాణము చేయగలదు. నలుగురు మోయుచుండగా తక్కినవారు చేతులూపుకొనుచు ప్రక్కన నడతురు. భుజము నొప్పి పుట్టకముందే మనుష్యులు మారుదురు. పల్లకిలోనివారికి కుదుపు కూడ తెలియదు. మన మెదడు, వెన్నుపాము కండరమును నడపు పద్ధతి ఇట్టిదే. చాలక యూనిట్లు సెకండుకు సుమారు పది ఇరువది సంకేతములతో, ఒకదాని వెనుక ఒకటిగా, వేరువేరు క్షణములలో లాగును. ఒకటి సడలునప్పటికి మరియొకటి అందుకొనును. మొత్తము మీద లాగుట నున్నగా సాగును.

యంత్రమునకు ఈ నేర్పు లేదు. అందులో మూడు లోపములు కలవు.

మొదటిది: యంత్రము పంపు ప్రతి ఘాతము, తనకు లోబడిన తంతువులన్నిటిని ఒక్కమారే లాగించును. వంతులు లేవు. అందరును ఒకే క్షణమున లాగి, ఒకే క్షణమున వదలినచో కాలు వణకును. ఆ వణకు పోవలెనన్న ఘాతములను దగ్గర దగ్గరగా, సెకండుకు ఇరువదినుండి ఏబదివరకు పంపవలెను. ఘాతములు ఎక్కువైన కొలది అలసట త్వరపడును.

రెండవది: ఎలక్ట్రోడులు ఉన్నచోటనే ఉండును గనుక విద్యుత్తు ప్రతిమారు ఆ కొన్ని తంతువులకే అందును. ఆ నలుగురు బోయీలే ఊరినుండి ఊరికి పల్లకిని మోయవలెను. మిగిలిన పన్నిద్దరు, లోతుగా నున్న తంతువుల వలె, ఏ పనియు లేక నిలిచియుందురు.

మూడవది: పని పంచుటలో వరుస తప్పుట. కండర తంతువులలో నెమ్మదిగా లాగి చాలసేపు నిలుచునవి కొన్ని. వడిగా, బలముగా లాగి వెంటనే అలసిపోవునవి కొన్ని. శరీరము చిన్న నాడీకణములను ముందు పిలుచును. అవి ఓర్పుగల తంతువులను నడపును. బరువు పెరిగినప్పుడే పెద్ద నాడీకణములను, వాటి వెంట వడిగల తంతువులను పిలుచును. ఈ నియమమును హెన్నెమన్ 1957లోను, తిరిగి 1965లోను ప్రకటించెను. బయటినుండి వచ్చు విద్యుత్తు ఈ నియమమును పాటింపదు. లావు నాడీ తంతువులు తక్కువ విద్యుత్తుకే మేల్కొనును. ఎలక్ట్రోడుకు దగ్గరగా నున్నవియు ముందు మేల్కొనును. అందుచేత చిన్న పనికి కూడ త్వరగా అలసిపోవు తంతువులు మొదటినుండియే పిలువబడును.

ఇపుడు అత్తయ్య కోరిక సంగతి. కరెంటు పెంచినచో ఏమగును? విద్యుత్తు కొంచెము దూరము ప్రాకి, క్రొత్త తంతువులు కొన్ని పనిలో చేరును. కాలు మరల లేచును. చూచువారికి సంతోషము. కాని అలసిన తంతువులకు విశ్రాంతి దొరకలేదు. క్రొత్తవియు కొద్దిసేపటికి వాటి సరసన చేరును. అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసినట్లగును.

పనిలేని కండరము మారిపోవును

దీనికి తోడు, కండరము వాడుకను బట్టి మారును. నెలల తరబడి కదలని కండరము సన్నబడును. ప్రధానముగా వెన్నుపాము దెబ్బతిన్నవారిలో, ఓర్పుగల తంతువులు క్రమముగా వడిగా అలసిపోవు రకముగా మారిపోవును. వాటికి రక్తము నందించు సన్నని నాళములును తగ్గును. అట్టి కండరమును విద్యుత్తుతో పదేపదే లాగించినచో రెండు నిమిషములలోనే బలము తరచు సగమునకు దిగిపోవును.

సంతోషింపదగిన విషయమేమనగా, ఈ మార్పు వెనుకకు కూడ నడచును. సామన్స్, వ్రబోవా అను శాస్త్రజ్ఞులు 1969లో కుందేళ్ల వడిగల కండరములకు నెమ్మదియైన విద్యుదుద్దీపనమును వారముల తరబడి ఇవ్వగా అవి నెమ్మదిగల కండరముల లక్షణములను పొందినవి. మనుష్యులలోను వారములు, నెలలు క్రమము తప్పక ఈ శిక్షణ నిచ్చినచో కండరము లావెక్కుటయే కాక, అలసటకు ఓర్చుకొనుటయు నేర్చును. కావున మొదటి దినమున పదునైదు మారులకే కాలు దిగిపోవుట చికిత్స విఫలమైనదనుటకు గుర్తు కాదు. అది చికిత్స బయలుదేరిన చోటు.

చికిత్సకులు పాటించు పద్ధతులు

అలసటను పూర్తిగా తప్పించుట సాధ్యము కాలేదు. వాయిదా వేయు ఉపాయములు కలవు. మొదటిది విశ్రాంతి. ఐదు సెకండ్లు లాగించినచో పదునైదునుండి ఇరువదియైదు సెకండ్లు వదలుదురు. ఆ వ్యవధిలో రక్తము లోనికి ప్రవహించి, ఫాస్ఫోక్రియాటిన్ మరల కూడుకొనును. కండరము బలపడిన కొలది విశ్రాంతిని తగ్గింతురు. రెండవది, నున్నని కదలికకు చాలినంత వేగమునే వాడి, అంతకు మించకుండుట. మూడవది, ఒకే జత ఎలక్ట్రోడులకు మారుగా పలు ఎలక్ట్రోడులను అమర్చి వంతులవారీగా విద్యుత్తు పంపుట. ఇది బోయీలను మార్చుట వంటిదే.

నడక నేర్పునప్పుడు ఈ జాగ్రత్తలు ప్రాణముతో సమానము. రెండు కాళ్లును పడిపోయినవారిని తొడ కండరముల ఉద్దీపనముతో నిలువబెట్టుట 1960లోనే జరిగినది. చేతికర్రల చట్రము ఊతగా కొన్ని అడుగులు వేయించు యంత్రమునకు అమెరికా ప్రభుత్వ సంస్థ 1994లో అనుమతి నిచ్చినది. కాని స్పర్శ లేని కాలు అలసిపోవుచున్నదని ఆ మనిషికి తెలియదు. మనకైతే మోకాలు వణకును, నొప్పి పుట్టును, కూర్చుందుము. ఆయనకు ముందుగా ఏ హెచ్చరికయు రాదు. మోకాలు ఉన్నట్లుండి మడతపడును. ఈ చికిత్స ఇంటింటి వాడుక కాకపోవుటకు అలసట ఒక పెద్ద కారణము.

గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారికిని, గర్భవతులకును వైద్యుని అనుమతి లేక ఇట్టి యంత్రములు వాడరాదు. అంగడిలో కొన్న పెట్టెను ఎవరికి వారు పెంచుకొనుటయు క్షేమము కాదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

అలసటను చూచుటకు విద్యుత్తు అక్కరలేదు. విద్యార్థులు బ్యాటరీతో గాని, ఇంటి కరెంటుతో గాని శరీరముపై ఏ ప్రయోగమును చేయరాదు. బట్టలు ఆరవేయు క్లిప్పు ఒకటి చాలును.

బొటనవ్రేలు, చూపుడువ్రేలి నడుమ క్లిప్పును పట్టి, పూర్తిగా తెరచి మూయుచు, ఇరువది సెకండ్లలో ఎన్నిమార్లు చేయగలిగితిరో లెక్కింపుడు. ఆగకుండ ఇట్లు ఆరు పర్యాయములు లెక్క వ్రాయుడు. రెండు నిమిషములు విశ్రమించి మరియొక పర్యాయము చేయుడు. లెక్కలను గ్రాఫు కాగితముపై గుర్తించినచో మోసో గీయించిన గీతల వంటి దిగుడు మెట్లు కనబడును. విశ్రాంతి పిదప గీత మరల పైకి లేచును. మరునాడు చేతిని తలపైకి ఎత్తి పట్టుకొని అదే పరీక్ష చేయుడు. ఎత్తిన చేతికి రక్తము తక్కువగా అందును. రెండు గ్రాఫులను పోల్చి తేడాకు కారణము విద్యార్థులచేతనే చెప్పింపవచ్చును.

ఈ సంగతులన్నియు అత్తయ్యకు నేను శాస్త్ర పరిభాషలో చెప్పలేదు. క్లిప్పును ఆమె చేతికిచ్చి నొక్కుమంటిని. ముప్పది మారులకు వ్రేళ్లు మొరాయించినవి. "నీ వేళ్లు చచ్చిపోయాయా అత్తయ్యా?" అని అడిగితిని. ఆమె నవ్వినది, తరువాత చాలసేపు ఏమియు మాటలాడలేదు.

మరునాటినుండి ఆమె ఒక నోటు పుస్తకము కొని, మామయ్య కాలు ఎన్నిమార్లు బాగుగా లేచినదో తేదీలవారీగా వ్రాయసాగినది. మొదటి పుటలో 14 అని ఉన్నది. రెండవ నెల చివర 40 అని ఉన్నది. ఆయన నేడు కర్ర ఊతతో వసారావరకు నడచును. అంతకు మించి నడువలేడు. దానిలో యంత్రము పాలెంత, ఆయన స్వయముగా చేసిన అభ్యాసము పాలెంత, కాలము పాలెంత అని విడదీసి చెప్పుట నాకు సాధ్యము కాదు. మధ్యలో చికిత్స మాన్పించియుండినచో ఆ పుస్తకములో రెండవ పుట ఉండెడిది కాదని మాత్రము చెప్పగలను.